వదిన కుడిచేయి

షాపులో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవాళ్లు. మొదట చాటుగా పెట్టిన పేరే. ఒకసారి ఎవరో నోరుజారి ఎదురుగానే అనేస్తే ఆమె కోప్పడకపోగా కాస్త మురిసిపోయింది. దాంతో అదే ఖాయమైపోయింది. నాటకశాలలకు తెరలు, బస్సులకు సీటు కవర్లు, కలిగినవాళ్ల సోఫాలకు తొడుగులు కుట్టే షాపు అది. మిషన్ల మీద కూర్చునేవాళ్లు వస్తూ పోతూ ఉన్నా కటింగ్ టేబుల్ మాత్రం ఆమెదే. నడుమెత్తున ఉండే ఆ బల్ల అంచు, ఆమె ఆనుకుని నిలబడే చోట, ఏళ్ల తరబడి ఒరిసి ఒరిసి నునుపుదేరిపోయింది.

వెల్వెట్ తాను పరిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరి, నూగు ఏ వైపుకి పడుకుందో చూసుకుని సుద్దగీత గీసేది. ఆ తర్వాత కత్తెర బట్టలోకి దూరిందంటే చివరిదాకా ఆగేది కాదు. "ఆమె కోస్తుంటే బట్టకి నొప్పి తెలీదు" అనేవాడు షాపు యజమాని. కుడిచేతి చిటికెనవేలు మాత్రం కొంచెం వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగితే, ఇంట్లోనే పుల్ల పెట్టి కట్టిన కట్టు సరిగా కుదరక అలాగే అతుక్కుపోయింది. పనికి అడ్డురాలేదు కాబట్టి ఆమె దాన్ని పట్టించుకోలేదు.

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మెత్తని మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు, అలాగని ఎవరి పక్షానా నిలబడడు. పెళ్లినాటికే అత్తగారు లేరు. మామగారు ఉన్నా లేనట్టే. ఇంట్లో సందడంతా తొమ్మిదేళ్ల ఆడపడుచుది. జుట్టంతా చిక్కులు, గీసుకుపోయిన మోకాళ్లు, నిద్రలేచింది మొదలు ఆగని నోరు. కొత్త వదిన సంచీ ఇంకా కింద పెట్టకముందే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నువ్వెన్నాళ్లుంటావ్?"

"పొమ్మనేదాకా ఉంటాను."

"ఎవరూ పొమ్మనకపోతే?"

"అయితే ఉండిపోతాను."

పిల్ల కాసేపు ఆలోచించి, సరే అన్నట్టు తలూపి, ఆ రోజంతా ఆమె కొంగు వదలకుండా కిచకిచలాడుతూనే తిరిగింది. పిచ్చుక అని పేరు పెట్టింది ఆమే. తర్వాత తనకంటూ పిల్లలు కలగలేదు. పిచ్చుక ఉండగా ఇల్లు బోసిపోయినట్టు ఎవరికీ అనిపించనూ లేదు. బస్సు సీట్ల ముక్కలతో దానికి బడిసంచీ కుట్టింది. సెలవుల్లో షాపుకి తీసుకెళ్తే కటింగ్ టేబుల్ కింద కూర్చుని చదువుకునేది. పిచ్చుక పై చదువులకి వచ్చేసరికి ఆమె, మిగతావాళ్లు ఇంటికెళ్లాక కూడా ఉండి అదనపు పని చేసింది. "ఆడపడుచంటే అర్ధమొగుడంటారు, నువ్వేంటే నెత్తిన పెట్టుకుంటావు" అని మిషను అక్క ఎగతాళి చేసేది. మిషను అక్క అంటే షాపులో అందరికంటే పాత కుట్టుపనిమనిషి, నోరు కటువు, మనసు మంచిది. "అర్ధమొగుడే కదా, అసలు మొగుడికంటే సగం తిండే తింటుంది" అని ఈమె నవ్వేసేది.

పిచ్చుక చదివి చదివి పెద్దాసుపత్రి వెనక భవనంలో ఉన్న పరిశోధనశాలలో చేరింది. అక్కడేం చేస్తుందో ఇంటికొచ్చి చెప్పకపోతే దానికి అన్నం సహించేది కాదు.

"వదినా, రక్తాన్ని గుండె నెడుతుంది. మరి లింఫ్‌ని ఎవరు నెడతారు?"

"నాకు తెలిస్తే నేనెందుకు వెల్వెట్ కోస్తాను? నువ్వే చెప్పు."

చెప్పింది. రక్తంలోంచి నీరు ఊరి కండలోకి వస్తుందట. వచ్చిన నీరు వచ్చినట్టే ఉండిపోతే మనిషి ఉబ్బిపోడూ? దాన్ని పోగుచేసి మళ్లీ రక్తంలో కలిపేందుకు దారప్పోగులంత సన్నని నాళాలున్నాయట. అవే లింఫ్ నాళాలు. వాటికి గుండె సాయం లేదు. తమ గోడల్లో ఉన్న కండతో అవే కాస్త కాస్త బిగుసుకుంటూ నీటిని ముందుకి తోసుకుంటాయి.

"ఎప్పుడు బిగియాలో ఎప్పుడు సడలాలో ఆ కండకి ఎవరు చెప్తారనుకున్నావ్? లోపల ఒకే ఒక్క పొర కణాలుంటాయి వదినా, నేలమీద పలకలు పరిచినట్టు. నీరు పారుతుంటే ఆ ఒరిపిడి వాటికి తెలుస్తుంది. తెలియగానే ఒక వాయువు వదులుతాయి. అది కండలోకి వెళ్లి, నీళ్లొస్తున్నాయి కాస్త సడలు అని చెప్తుంది. సడలితే నాళం నిండుతుంది. నిండాక మళ్లీ బిగిసి తోస్తుంది."

"కోటుకి లైనింగ్ ఉన్నట్టన్నమాట."

"లైనింగ్ ఊరికే పడుంటుంది కదా. ఇది పని చేయిస్తుంది. సడలమనీ చెప్తుంది, ఒక్కోసారి బిగియమనీ చెప్తుంది. నాళానికి ఎంత బిగువుండాలన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంది."

అర్థమైనంత అర్థమైంది, మిగతాది పిచ్చుక ముఖంలో వెలుగు చూస్తూ వినేసింది.

ఆ తర్వాత ఆమె కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ తప్పదన్నారు. చంకలో ఉన్న లింఫ్ గ్రంథులు కూడా కొన్ని తీసేయాలన్నారు. భర్త బిక్కచచ్చిపోయి కూర్చుంటే పిచ్చుకే డాక్టర్ల చుట్టూ తిరిగింది. తేదీ ఖాయం చేయించింది, ఆసుపత్రి మంచం పక్క నేలమీద పడుకుంది. ఆపరేషన్‌కి ముందు కాస్త మొహమాటపడుతూ అడిగింది.

"నీ చంకలోంచి తీసే కొవ్వులో చిన్న చిన్న నాళాలుంటాయి వదినా. ఎటూ పారేసేవే. మా పరిశోధనకి ఇస్తావా?"

"నా దగ్గరున్నవన్నీ నీవే అయినప్పుడు అదొక్కటీ దాచుకుంటానా? తీసుకో."

కోలుకున్నాక ఒకరోజు పిచ్చుక ఆమెను ఆ వెనక భవనానికి తీసుకెళ్లింది. నడవాలో రెండు వైపులా గుర్రుమంటున్న ఫ్రిజ్‌లు. చివరి గదిలో మైక్రోస్కోపు. దాని కింద గాజు గిన్నెలో రెండు గాజు మొనల మధ్య కట్టిన నాళం. "నీది కాదు, నీది ఆ రోజే చూసేశాం. ఇది వేరే ఆవిడది" అంది పిచ్చుక. కన్ను ఆనించి చూస్తే తెల్లటి గొట్టం ఒకటి ఉండి ఉండి నడుం సన్నం చేసి మళ్లీ లావవుతోంది. శరీరంలోంచి తీసేశాక కూడా దానికి పని మీద ధ్యాస పోలేదు. నీళ్లు పంపగానే కాస్త విప్పారింది.

"ఇప్పుడు దీన్ని చూడు. ఇందులోంచి ఒక గాలిబుడగ పంపాం. దాంతో లోపలి పొర ఊడొచ్చేసింది."

రెండో నాళం కూడా కొట్టుకుంటూనే ఉంది. కానీ నీళ్లు ఎంత పంపినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. తన మానాన తాను బిగుసుకుంటోంది.

"పాపం" అంది ఆమె.

పిచ్చుక పగలబడి నవ్వింది. "నాళాన్ని చూసి పాపం అన్న మొదటి మనిషివి నువ్వే వదినా."

ఆ నవ్వులోనే అసలు సంగతి చెప్పింది. ఇలాంటి ఆపరేషన్ తర్వాత కొందరికి చేతికి వాపు వస్తుంది, కొందరికి రాదు. వచ్చేవాళ్లలో నాళాలు ఎప్పుడు, ఎలా తాళం తప్పుతాయో మొదటినుంచీ గమనించాలని వాళ్ల పెద్ద డాక్టరమ్మ ఒక స్టడీ మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లో రంగుమందు ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తారు. నువ్వూ చేరతావా? ఆమె ఎందుకు కాదంటుంది. పిచ్చుక కాగితాలు చదివి వినిపిస్తుంటే, షాపులో సగం కోసి వదిలొచ్చిన తెర గురించి ఆలోచించుకుంటూ, వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది.

మొదటిసారి చూసినప్పుడు ఆమెకే ముచ్చటేసింది. దీపాలార్పిన గదిలో, తెరమీద తన చేయి నల్లగా, అందులో మోచేతి దాకా సన్నని వెలుగు గీతలు. ఆ గీతల వెంట చుక్కలు చుక్కలుగా వెలుగు పైకి పోతోంది. "అదిగో, అదే నీ లింఫ్. చూశావా ఎంత బుద్ధిగా పోతోందో" అంది పిచ్చుక.

కొన్ని నెలల తర్వాత రెండోసారి వెళ్లింది. ఈసారి పిచ్చుక తెరను తనవైపు తిప్పుకుని కూర్చుంది. చాలాసేపు చూసింది. ఎప్పుడూ వాగే పిల్ల ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆమెకే తోచక అడిగింది.

"ఎలా ఉందే?"

"ఆఁ... బాగా వచ్చింది వదినా."

ఆమె చేయి తుడుచుకుని ఇంటికెళ్లిపోయింది.

అప్పుడే షాపుకి పెద్ద పని తగిలింది. ఒక పాత నాటకశాల మొత్తానికి కొత్త తెరలు. బరువైన వెల్వెట్, తాను ఎత్తాలంటే ఇద్దరు కావాలి. యజమాని మొహమాటపడుతూ "ఇప్పుడిప్పుడే లేచారు, చేయగలరా?" అని అడిగాడు. "డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, అంతా బాగానే ఉందన్నారు" అంది ఆమె. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బరువు కత్తెర పట్టుకుని నిలబడింది. తెరలు అద్భుతంగా వచ్చాయి. ఆ శాలలో మొదటి ఆటకి యజమాని అందరినీ తీసుకెళ్తే, నాటకం ఎవరు చూశారు, ఆమె తెర లేచినప్పుడల్లా అంచు తిన్నగా పడిందా లేదా అనే చూసింది.

ఆ రోజుల్లోనే కుడిచేతికి పెట్టుకునే గడియారం పట్టీ బిగుతనిపించి ఒక కన్నం ముందుకి జరిపింది. తర్వాత ఇంకొకటి. చేయి తడిగుడ్డలా బరువనిపించేది. పిచ్చుకతో అంటే, అది గిన్నెలు సర్దుతూ వెనక్కి తిరక్కుండానే, "వచ్చే స్కాన్‌లో చూద్దాంలే" అంది. వచ్చే స్కాన్ వచ్చేసరికి, అంటే ఏడాది తిరిగేసరికి, చేయి ఎవరికైనా కనపడేంత వాచింది. కత్తెర చెవిలో బొటనవేలు దూరలేదు. సబ్బు రాసి దూర్చింది. దూరాక రాలేదు. మిషను అక్క నూనె పోసి తీసింది, తీస్తూ ఏడ్చింది. కటింగ్ టేబుల్ దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. ఆమెను కొక్కేలు, రింగులు వేరుచేసే పనికి కూర్చోబెట్టారు.

అప్పటినుంచి ఆసుపత్రిలో కట్లు కట్టే ఆవిడ దగ్గరికి తిరగడం మొదలైంది. ఆవిడ చేతిని మెల్లగా పైకి నిమిరి, వేళ్ల నుంచి చంక దాకా పొరలు పొరలుగా పట్టీ చుట్టేది. "మొదట్లోనే వచ్చుంటే ఇంత ముదిరేది కాదమ్మా. ఇప్పుడు కొంత తగ్గుతుంది, పూర్తిగా అంటే చెప్పలేను" అంది. ఆమె సిగ్గుపడిపోయింది. "నాదే అశ్రద్ధ. పనిలో పడి చూసుకోలేదు" అంది. ఇంటికొచ్చి భర్తతోనూ అదే మాట, పిచ్చుకతోనూ అదే మాట. అంత పెద్ద చదువు చదివిన పిల్ల ఇంట్లో ఉండగా తను మొద్దులా ఊరుకున్నానని దానికే క్షమాపణ చెప్పుకుంది. పిచ్చుక తలొంచుకుని ఆ పట్టీ విప్పి, ఉతికి, చుట్టి పెట్టేది. వదిన బాధ చూడలేక అలా అయిపోయిందని ఆమె అనుకుంది.

ఆసుపత్రివాళ్లు రోగులకీ ఇంట్లోవాళ్లకీ కలిపి ఒక సభ పెట్టారు. అందులో పిచ్చుక మాట్లాడుతుందని తెలిసి ఆమె ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, భర్తను లాక్కెళ్లి ముందువరసలో కూర్చుంది. పక్కన కూర్చున్నావిడతో "మా ఆడపడుచే" అని రెండుసార్లు చెప్పింది.

పిచ్చుక బాగా మాట్లాడింది. లోపలి పొర గురించి, బిగువు గురించి, ఇంట్లో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. గ్రంథులు తీసేశాక నీరు పోయే దారి తగ్గి, నాళాలు ఎదురు ఒత్తిడిమీద తోయాల్సి వస్తుందంది. మొదట్లో ఇంకా గట్టిగా తోస్తాయి, రానురాను లోపలి పొర చెప్పే మాట కండకి అందడం తగ్గుతుందని మా అనుమానం, అప్పుడు లయ చెడి నీరు చర్మం కిందికి చిమ్ముతుంది అంది. "చూడండి" అని తెరమీద ఒక చేయి చూపించింది. వెలుగు గీతలు మోచేతికి రాకముందే చెదిరిపోయాయి. చుక్కల్లేవు. చర్మం కింద మంచు పట్టినట్టు వెలుగు పరుచుకుని ఉంది.

"ఈ చేయికి అప్పటికి వాపు లేదు. కంటికి కనపడే వాపు రావడానికి దాదాపు ఏడాది ముందు తీసింది ఇది."

సభలో గుసగుసలు లేచాయి. ఆమె ఆ వెలుగును చూడలేదు. ఆ చేతి చిటికెనవేలు చూసింది. మొదలు తిన్నగా ఉండి, మధ్యలోంచి బయటికి వంగి ఉంది.

మొదట తట్టింది చిన్న సంతోషం. నా చేయే, తెరమీద. ఆ సంతోషం ఉన్నచోటే 'ఏడాది ముందు' అన్న మాట వచ్చి దిగబడింది.

వెనకనుంచి ఒకాయన లేచాడు. భార్యకి ఆపరేషన్ అయినట్టుంది, ఆమె సంచీ ఆయన భుజానే ఉంది. "అప్పుడే పట్టీ కట్టుంటే ఏమయ్యేదండీ?"

"చాలామందిలో ముదరకుండా ఆగే అవకాశముంది" అంది పిచ్చుక.

"మరి ఈవిడకి కట్టారా?"

పిచ్చుక నీళ్లు తాగింది. "ఈ స్టడీలో చికిత్స లేకుండా నాళాలు ఎలా మారతాయో చూడ్డమే ఉద్దేశం. ఫలితాలు మధ్యలో చెప్పకూడదని అందరికీ ముందే..." అంటూ ముందువరస వైపు చూసి, ఆగిపోయింది. పెద్ద డాక్టరమ్మ లేచి మిగతా జవాబు చెప్పింది. అదేమిటో కత్తెరమ్మకి వినపడలేదు. పక్కకి తిరిగి భర్తను చూసింది. ఆయన తెరవైపు చూడ్డంలేదు. తేలు కుట్టిన దొంగలా తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాక అడిగింది.

"మీకు తెలుసా?"

"అప్పుడెప్పుడో ఒకసారి చెప్పింది. నీకు చెప్పొద్దంది. చెప్తే రూలు తప్పినట్టవుతుందట, దాని ఉద్యోగానికే ఎసరట. నువ్వు కూడా భయపడతావని..."

"నేను వెల్వెట్ కోస్తున్నప్పుడు తెలుసా?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. ఆయన ఎక్కాడో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున పిచ్చుక వంటింటి గుమ్మంలో నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కత్తెరమ్మ ఎడంచేత్తో పాలగిన్నె దించింది.

"వదినా, నన్ను నాలుగు తిట్టు."

"నోట్లో నువ్వుగింజ నానదు నీకు. గాజు గిన్నెలో నాళం సడిలిందనీ, బిగిసిందనీ, ఎవరిదో ముక్క ఎంతసేపు కొట్టుకుందో కూడా వచ్చి చెప్పేదానివి. నా చేయి సంగతి ఒక్కటీ కడుపులో దాచుకోగలిగావన్నమాట."

"ఒక్కరికి చెప్తే అందరికీ చెప్పాలి. అందరికీ చెప్తే అందరూ పట్టీలు కట్టించుకుంటారు. ఇంక చూడ్డానికి ఏముంటుంది? ఆ నాళాలు మొదట్లో ఎలా చెడతాయో తెలియకపోతే మందు ఎప్పటికీ రాదు. అప్పటికి ఆ బొమ్మని బట్టి వాపు వస్తుందని కచ్చితంగా చెప్పలేం కూడా. నీకూ చదివి వినిపించాను, నువ్వు సంతకం..."

"నువ్వు పెట్టమన్నావని పెట్టాను. ఇంకెవరైనా చదువుంటే వినేదాన్ని."

కత్తెరమ్మ గ్లాసులు తీసి వరసగా పెట్టింది.

"ఎలా ఉందని అడిగాను. బాగా వచ్చిందన్నావు."

"బొమ్మ... బొమ్మ బాగా వచ్చిందన్నాను వదినా."

ఆ మాట అన్నాక దానికే తెలిసినట్టుంది తనేమందో. గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. చిన్నప్పుడు కటింగ్ టేబుల్ కింద కూర్చున్నట్టే మోకాళ్లు ముడుచుకుని. ఇంకెప్పుడైనా అయితే ఆమె వెళ్లి తల నిమిరేది. ఆ రోజు పాలు గ్లాసుల్లో పోసింది. పోస్తూ, ఎడంచేయి కదా, కాస్త ఒలకబోసింది.

"వచ్చే స్కాన్‌లో చూద్దామన్నావు" అంది. "అప్పటికి గడియారం పట్టీ రెండు కన్నాలే జరిగింది."

ఆమె పోట్లాడింది అంతే. గట్టిగా అరిచుంటే ఇల్లు కాస్త తేలికపడేదేమో, అరవడం ఆమెకి చేతకాలేదు. షాపుకెళ్లి కొక్కేలు వేరుచేస్తూ మిషను అక్కకి చెప్తే, అక్క మిషను ఆపేసింది. "పరాయివాళ్లు చేస్తే తిట్టుకుని మర్చిపోవచ్చే. కంచంలో చెయ్యి పెట్టి తిన్నవాళ్లు చేస్తే ఎక్కడికని పోతాం?" అంది.

ఆ మాటతో ఆమెకి ఇంకొకటి తట్టింది. తనకి అయిందేదో అయింది. ఆ స్టడీలో ఇంకా ఎంతమందో ఉన్నారు. వాళ్లలో ఎవరెవరి బొమ్మల్లో మంచు పరుచుకుందో పిచ్చుకకి తెలుసు, పెద్ద డాక్టరమ్మకి తెలుసు. ఆ మనుషులకే తెలియదు. వాళ్లూ ఎక్కడో బరువులెత్తుతూ, బాగా వచ్చిందనుకుంటూ తిరుగుతుంటారు.

మర్నాడే పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లింది. ఆవిడ మర్యాదగానే కూర్చోబెట్టింది. పరిశోధనకి నియమాలుంటాయని, అవి ఆసుపత్రి పెద్దలు కూర్చుని ఒప్పుకున్నవని చెప్పబోయింది.

"నాకు అవేం తెలియవమ్మా. నా చేయి ఎటూ పోయింది, దాని గురించి రాలేదు. ఇంకా వాపు రానివాళ్లకి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను ఈ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి, చేతికి కట్టున్న ప్రతి ఆడమనిషికీ, లేని ప్రతి ఆడమనిషికీ చెప్తాను."

డాక్టరమ్మ ఆమె కుడిచేతి వైపు చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. "నాకూ కొన్నాళ్లుగా మనసులో లేకపోలేదు" అంది, తనలో తాను అనుకున్నట్టు. పెద్దలు మళ్లీ కూర్చున్నారు. బొమ్మలో తేడా కనపడగానే మనిషికి చెప్పి, పట్టీ మొదలుపెట్టాలని నియమం మార్చారు. పాతవాళ్లందరికీ ఫోన్లు చేసి పిలిపించారు. ఆ ఫోన్లన్నీ పిచ్చుకే చేసిందట. భర్త చెప్పాడు. ఆమె అడగలేదు.

పిచ్చుక ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయింది. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంది. కత్తెరమ్మ కుర్చీ జరుపుతుంది, మంచినీళ్లిస్తుంది, ఉద్యోగం ఎలా ఉందని అడుగుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లని అడిగినట్టు. పట్టీ ఉతుకుతానని పిచ్చుక చెయ్యి చాస్తే, "నేను ఉతికేశాను" అంటుంది. భర్తతో మాటలు తలుపు వేశారా, నీళ్లు వచ్చాయా అన్నంతవరకే. ఆయన రోజూ ఏదో ఒకటి బాగుచేస్తూ కనపడతాడు, బాగున్న కుళాయి కూడా విప్పి మళ్లీ బిగిస్తాడు. ఒకరోజు భోజనం దగ్గర "తప్పయింది" అన్నాడు. ఆమె "కూర చాలా?" అంది.

చేయి కొంత దిగింది. పూర్తిగా దిగలేదు. షాపు యజమాని ఆమెను మళ్లీ కటింగ్ టేబుల్ దగ్గరికే తీసుకొచ్చాడు, కోయడానికి కాదు, కొలిచి గీతలు గీయడానికి. ఎడంచేత్తో సుద్ద పట్టుకోవడం కుదిరింది. ఆమె గీస్తే కొత్త మనిషి కోస్తాడు. బాగానే కోస్తాడు, మధ్యలో ఒకసారి ఆగుతాడు. ఆగిన ప్రతిసారీ ఆమె పళ్ల బిగువున ఊరుకుంటుంది.

ఒక మధ్యాహ్నం కట్లు కట్టే ఆవిడ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కన ఒకావిడ వచ్చి కూర్చుంది. బస్సు డ్రైవరట, యూనిఫాం మీదే వచ్చేసింది. చేతికి పల్చని తొడుగుంది, చేయి మామూలుగానే ఉంది. మాట్లాడకుండా ఉండలేని మనిషి.

"నాకసలు వాపే లేదండీ. రోజూ అంత పెద్ద స్టీరింగ్ తిప్పుతాను, ఏం తెలీలేదు. ఒకరోజు ఇక్కడినుంచి ఫోనొచ్చింది. లోపల నాళాలు బలం తప్పుతున్నాయి, వెంటనే రండి అని. ఎవరో పరిశోధన చేసే అమ్మాయి. నేను తర్వాత వస్తాలే అంటే వినలేదు. రోజూ ఫోన్. ఏడ్చినంత పని చేసింది. ఎవరి పిల్లో గానీ, ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి."

కత్తెరమ్మ తన చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఆ పిల్ల చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. అవి గుర్తొచ్చినందుకు ఒళ్లు మండింది. ఎదురుగా ఉన్న ఆ మామూలు చేతిని చూస్తే సంతోషమే కలిగింది. ఆ సంతోషం వెనకే, అలాంటి చేయి తనకీ ఉండాల్సింది కదా అన్న మంట.

"బాగా పట్టుదల గల పిల్ల" అంది.

"మీకూ తెలుసా? మీకూ ఆ అమ్మాయే ఫోన్ చేసిందా?"

"లేదు. నాకు చెయ్యలేదు."

డ్రైవరావిడ ఆ వాచిన చేతి వైపు చూసి, చూసినందుకు నొచ్చుకుని, "అయ్యో, మీకెందుకు చెయ్యలేదు?" అంది.

లోపలినుంచి కట్లు కట్టే ఆవిడ పిలిచింది. కత్తెరమ్మ ఎడంచేత్తో బెంచీ అంచు పట్టుకుని లేచింది.

"నేను ఇంట్లో మనిషిని కదండీ. అందుకని."